దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లిన పూర్వీకుని జాడ జనన, మరణ రికార్డుల్లో దొరుకుతుందా?

ప్రశ్న: మా ముత్తాతగారి అన్న విశాఖపట్నం జిల్లా నుంచి చెరకు తోటల కూలీగా నేటాల్ వెళ్లి అక్కడే కన్నుమూశారని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఇంటి పేరు, తండ్రి పేరు తప్ప మరే ఆధారమూ లేదు. వెతుకులాట ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు తెలియజేయగలరు.

జవాబు 1: అయ్యా, ముందుగా ఓడల జాబితాలు చూడండి. 1860 నుంచి 1911 వరకు మద్రాసు, కలకత్తాల నుంచి వెళ్లిన సుమారు 1,52,000 మంది కూలీల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం వాటిలో నమోదయ్యాయి. ప్రతి మనిషికీ ఒక సంఖ్య ఇచ్చారు. తరువాతి కాగితాల్లోనూ ఆ సంఖ్యే కనబడుతుంది కనుక, అది చేతికందితే సగం పని అయినట్లే. ఇంటి పేరు మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, గుమాస్తాలు దానిని తరచు వదిలేశారు, ఉన్న పేరునూ చెవికి తోచినట్లు రాశారు.

జవాబు 2: అక్కడి మరణ పత్రాల్లో తల్లిదండ్రుల పేర్లు, పిల్లల పేర్లు కూడా ఉండవచ్చు కాబట్టి వాటిని విడవకండి.

జవాబు 3: మన వైపు మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదు చట్టం 1899లో వచ్చింది. ఆ పాత రిజిస్టర్లలో శిశువు పేరు లేకుండా “మగ శిశువు” అని మాత్రమే ఉండటం మామూలే. అందువల్ల తండ్రి పేరుతో, ఊరి పేరుతో వెతకండి.