స్టీలు బిందె మీద పేరు నున్నగా రావాలంటే?

ప్రశ్న: బెంగళూరులో ఉంటాం. చెల్లి పెళ్లికి కొన్న బిందెల మీద పేరు వేయించబోతే షాపువాళ్లు చేతి మిషన్‌తో చుక్కలు చుక్కలుగా కొట్టారు, 'శ్రీ' రావత్తు చూస్తే చీమలు బారు కట్టినట్టుంది. నున్నగా రావాలంటే ఏం అడగాలి?

జవాబు: అందులో సూది గుద్దుతుంది తప్ప లోహాన్ని కోయదండీ. వజ్రపు మొన మిషన్ అడగండి. అది తిరగదు, నొక్కుకుంటూ గీసుకుపోతుంది, గీత సన్నగా మెరుస్తుంది కానీ లోతుండదు.

మరో జవాబు: లోతుకి తిరిగే కార్బైడ్ (బాగా గట్టి పదార్థం) కట్టర్ ఉంది. కాకపోతే 304 స్టీలు (గిన్నెలకు వాడే ఒక స్టెయిన్‌లెస్ రకం) రుద్దేకొద్దీ గట్టిపడుతుంది, ఇక్కడి పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేసేటప్పుడు నేనే మూడు మొనలు విరగ్గొట్టాను (ఇత్తడైతే వెన్నే). పైగా బిందె రేకు పల్చన, గుండ్రం. షాపులో బిందెను పట్టి తిప్పే బిగింపు ఉందో లేదో ముందే కనుక్కోండి.

అడిగినవారు: థాంక్సండీ. వజ్రపు మొనే చాలు, రావత్తు కనబడితే అదే పదివేలు.