వాన సెలవుల్లో పిల్లల చేతికి ప్రింటవుట్ ఇవ్వాలా, తెల్ల కాగితమా?

వేళచ్చేరి నుంచి (ప్రశ్న): నవంబరు వస్తే మన చెన్నై పిల్లలకు వాన సెలవులు మొదలు. పొద్దున్నే కలెక్టర్ ప్రకటన వస్తుంది, ఇక రోజంతా ఇంట్లోనే. న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచు, అక్కడ మంచు పడి బడి మూసేసినప్పుడు పిల్లలతో చేయించే బొమ్మల షీట్లు పంపింది. మంచుమనిషిని అంచెలంచెలుగా గీయడం, ఆరు కొమ్మల మంచు పలుకుకి రంగులు వేయడం, ఇలాంటివి. మా ఐదేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు బుద్ధిగా కూర్చుని చేస్తున్నారు. మా వారు మాత్రం ‘ఇది బొమ్మలు వేయడం కాదు, తెల్ల కాగితం ఇవ్వు’ అంటారు. ఇస్తే పాప ‘ఏం గీయాలి?’ అంటుంది, బాబు టీవీ పెట్టేస్తాడు. మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారు?

పెరంబూరు నుంచి: మీ వారి మాటే నా మాట అండీ. నేను డ్రాయింగ్ టీచర్ని. ఐదేళ్ల పిల్ల మనిషిని గీస్తే పెద్ద తల ఉంటుంది, చాలాసార్లు దాని కిందే కాళ్లు. అది తప్పు కాదు, ఆ వయసు బొమ్మ అలాగే ఉంటుంది. పక్కనే అచ్చు వేసిన చక్కటి బొమ్మ పెడితే ‘నాకు రాదు’ అనే మాట మొదలవుతుంది. పిల్లల చిత్రకళ మీద పనిచేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1940లలోనే రంగులు నింపే పుస్తకాలను గట్టిగా వ్యతిరేకించారు. అయితే ఖాళీ కాగితం ఇచ్చి వదిలేయడం కూడా సరికాదు. ఏదో ఒక పని చెప్పాలి. కొవ్వొత్తి ముక్కతో కాగితం మీద వాన గీతలు గీయమనండి, పైన నీలం వాటర్ కలర్ పూయమనండి. మైనం ఉన్నచోట నీళ్ల రంగు అంటదు, తెల్లటి వాన బయటపడుతుంది. కరెంటు పోతే టార్చి ముందు ఏదైనా బొమ్మ పెట్టి, గోడకు అంటించిన కాగితం మీద పడే నీడ చుట్టూ గీయించండి. టార్చి దగ్గరైతే నీడ పెద్దదవుతుందని వాళ్లే కనిపెడతారు.

అంబత్తూరు నుంచి: టీచర్ గారూ, నేను ఒప్పుకోను. వర్క్ ఫ్రమ్ హోమ్‌లో కాల్ నడుస్తుంటే పక్కన కూర్చుని నీళ్ల రంగులు ఎవరు చూస్తారు? షీటు ఇస్తే వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు, నాకు టెన్షన్ ఉండదు. అయినా చూసి గీయడం అంత పాపమా? పిల్లల బొమ్మల మీద పరిశోధన చేసిన బ్రెంట్, మార్జరీ విల్సన్ దంపతులు 1970లలో చెప్పింది కూడా ఇదే: పిల్లలు ఇతరుల బొమ్మలు చూసే గీయడం నేర్చుకుంటారని. మా వాడు కార్టూన్లు చూసి గీసేవాడు. ఇప్పుడు అవే బొమ్మలతో సొంత కథలు వేస్తున్నాడు.

కొలత్తూరు నుంచి: 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు మా వీధిలో నీళ్లు, ఇంట్లో కరెంటు లేదు. ప్రింటర్ మాట ఎక్కడిది? పాత బిల్లుల వెనక పెన్సిలుతో గీసుకున్నారు పిల్లలు. ఆ కాగితాలు ఇంకా దాచాను.

మైలాపూరు నుంచి: అమ్మాయ్, నేను పెద్దదాన్ని, చొరవగా చెబుతున్నా. చుక్కలు పెట్టి చూపించకుండా ముగ్గు ఎవరికి వచ్చింది? మా అమ్మ వేస్తే చూసి వేశాను, నన్ను చూసి మా కోడలు వేస్తోంది. ధనుర్మాసం రాబోతోంది, పాపకు గళ్ల కాగితం మీద మెలికల ముగ్గు నేర్పు.

పెరంబూరు నుంచి: అమ్మా, మీ మాట కాదనలేను. కానీ ముగ్గుకీ షీటుకీ తేడా ఉంది. అయిదు చుక్కల మెలిక వచ్చిన పిల్ల రేపు ఏడు చుక్కలు పెట్టి సొంతంగా తిప్పుతుంది. చేతికి ఒక పద్ధతి వచ్చింది. మంచుమనిషికి రంగు నింపాక ఏం మిగిలింది? అదే మంచు పలుకును కాగితం మడిచి కత్తిరించమంటే వేరే సంగతి. నీరు గడ్డకట్టేటప్పుడు అణువులు ఆరు మూలల అల్లికలో చేరతాయి, అందుకే ఆ పలుకులకు ఆరు కొమ్మలు. కాగితాన్ని సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్లీ మూడు సమాన భాగాలుగా మడవాలి. ఊరికే సగాలుగా మడుస్తూ పోతే ఎనిమిది కొమ్మలు వస్తాయి. మన ఊళ్లో మంచు పడకపోయినా ఇది పిల్లలకు బాగా నచ్చుతుంది.

వేళచ్చేరి నుంచి: పాపకు ముగ్గు మొదలుపెడతాను బామ్మగారూ. బాబుతోనే చిక్కు. తెల్ల కాగితం మీద ఆటో వేస్తాడు, ‘ఆటోలా లేదు’ అని చింపేస్తాడు. వాడికీ చూపించకూడదా టీచర్ గారూ?

పెరంబూరు నుంచి: చూపించండి. ఎనిమిది, తొమ్మిదేళ్లకు బొమ్మ నిజంలా ఉండాలనే పట్టుదల వస్తుంది. అప్పుడు ఊరికే ‘బాగుంది’ అంటే నమ్మరు. కానీ మీరు గీసేది మీ కాగితం మీదే, వాడి కాగితం ముట్టుకోవద్దు. వాన తగ్గాక కిందికి తీసుకెళ్లి, ఆగి ఉన్న ఆటోను పక్కనుంచి చూసి గీయమనండి. ముందు చక్రం ఎక్కడుంది, కప్పు ఎక్కడ వంగింది అని అడగండి చాలు.

అంబత్తూరు నుంచి: ఈ ఆటో సంగతి బాగుంది, ఆదివారం చేయిస్తాను. కాల్స్ ఉన్న రోజు మాత్రం మా ఇంట్లో షీట్లే.