తెలియక చేసిన హింసకు కర్మ అంటుకుంటుందా? జైన సిద్ధాంతం ఏమంటోంది?

జిజ్ఞాసువు:
జైన కర్మ సిద్ధాంతం చదువుతుంటే ఒకచోట ఆగిపోతున్నాను. వీళ్ల దృష్టిలో కర్మ అంటే సూక్ష్మమైన పుద్గలం, అంటే పదార్థం. మనసు, మాట, శరీరం కదిలినప్పుడల్లా అది జీవుడి వైపు వస్తుంది, అతుక్కుంటుంది. ఫలం పంచే దేవుడు లేడు. మరి పదార్థానికి మన ఉద్దేశంతో పనేముంది? చూడకుండా చీమను తొక్కినవాడికీ, కావాలని తొక్కినవాడికీ ఒకే కర్మ రావాలి కదా? అదే నిజమైతే ఊపిరి పీల్చే ఎవరికీ మోక్షం లేదు. కాదు, ఉద్దేశమే ముఖ్యమంటే మునులు దారి చూసుకుంటూ అడుగు వేయడం, కూర్చునే ముందు నేలను మెత్తగా ఊడ్చుకోవడం దేనికి?

మధ్యేమార్గి:
జైనులు చేతకే పెద్దపీట వేస్తారని బౌద్ధులు ఎప్పుడో చెప్పారండీ. బౌద్ధ గ్రంథం మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తం చూడండి. నాలందాలో జరిగిన ఆ సంవాదంలో నిగంఠుల, అంటే జైనుల, పక్షం శరీరంతో చేసిందే అన్నిటికంటే పెద్ద దోషం అంటుంది. బుద్ధుడు మనసుతో చేసిందే పెద్దది అంటాడు. మహావీరుడి గృహస్థ శిష్యుడైన ఉపాలి చివరికి బుద్ధుడి వైపు వస్తాడు. నాకు బుద్ధుడి మాటే న్యాయంగా అనిపిస్తుంది. చేతల లెక్క చూసుకుంటూ కూర్చుంటే సాధన మొత్తం ఒక టెన్షన్‌గా మారుతుంది.

అనుప్రేక్ష:
మధ్యేమార్గి గారూ, అది ఎదుటి పక్షం భద్రపరచిన సంవాదం. జైనుల మాట జైన గ్రంథాల్లో విందాం. తత్త్వార్థ సూత్రం ఏడో అధ్యాయంలో ‘ప్రమత్తయోగాత్ ప్రాణవ్యపరోపణం హింసా’ అని ఉంది. ఏమరుపాటుతో మసలుతూ ప్రాణం తీయడం హింస. ప్రాణం పోవడం ఒక్కటే చాలదు. కుందకుందాచార్యుడు ప్రవచనసారంలో ఇంకా సూటిగా అంటాడు: జీవి చచ్చినా బతికినా, జాగ్రత్త లేనివాడికి హింస ఖాయం. జాగ్రత్తగా మసలేవాడికి హింస జరిగినంత మాత్రాన బంధం లేదు, అంటే కర్మ అంటుకోదు.

ఇక పదార్థానికి ఉద్దేశంతో పనేముందన్న ప్రశ్న. బంధంలో నాలుగు అంశాలున్నాయి. ఏ రకం కర్మ, ఎంత పరిమాణం అన్న రెండూ యోగం వల్ల, అంటే మనోవాక్కాయాల కదలిక వల్ల తేలతాయి. ఎంతకాలం ఉంటుంది, ఎంత తీవ్రంగా ఫలిస్తుంది అన్న రెండూ కషాయాల వల్ల, అంటే క్రోధ, మాన, మాయా, లోభాల వల్ల తేలతాయి. కషాయం లేనివాడి కదలికకు కూడా కర్మ వస్తుంది, కానీ నిలవదు, ఆ వెంటనే రాలిపోతుంది. దాన్ని ఈర్యాపథ కర్మ అంటారు. కుందకుందుడి సమయసారంలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఒంటికి నూనె రాసుకున్నవాడు దుమ్ములో వ్యాయామం చేస్తే దుమ్ము అంటుకుంటుంది. నూనె లేనివాడు అదే దుమ్ములో అదే వ్యాయామం చేసినా అంటుకోదు. ఇక్కడ దుమ్ము కర్మ, నూనె రాగం, అంటే లోపలి మమకారం.

తర్కప్రియ:
ఇది ప్రమాదకరమైన వెసులుబాటు. ‘నాలో రాగం లేదు’ అని అనుకోవడానికి ఖర్చేముంది? అలా అనుకుని ఏదైనా చేయొచ్చా? పైగా మనసే ప్రధానమన్న వాదాన్ని జైనులే ఎగతాళి చేశారు. సూత్రకృతాంగమనే జైన ఆగమంలో బౌద్ధుడి నోట ఒక మాట పలికిస్తారు: తెలకపిండి ముద్ద అనుకుని మనిషిని కాల్చినవాడికి పాపం లేదట! అంత గట్టిగా ఖండించినవాళ్లు ఇప్పుడు మనసే నూనె అంటే ఎలా?

అనుప్రేక్ష:
మంచి పట్టు పట్టారు. తెలకపిండి ఉదాహరణ మీద జైనుల అభ్యంతరం నాకు ఇలా అర్థమైంది: మనిషికీ ముద్దకీ తేడా చూడనివాడు అమాయకుడు కాదు, ఏమరుపాటులో ఉన్నవాడు. ‘తెలియదు’ అనడం దోషాన్ని తుడిచేయదు, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది. మునులు నాలుగు మూరల మేర నేల చూస్తూ నడవడం అందుకే.

బంధానికి తత్త్వార్థ సూత్రం ఐదు కారణాలు చెబుతుంది: మిథ్యాత్వం (తప్పుడు దృష్టి), అవిరతి (హింస లాంటివాటిని వ్రతం పట్టి వదులుకోకపోవడం), ప్రమాదం (ఏమరుపాటు), కషాయం, యోగం. ఆధ్యాత్మిక ప్రగతి అంటే ఇవి ఇదే వరుసలో తొలగడం. గుణస్థానాలనే పద్నాలుగు మెట్లలో నాలుగో మెట్టుకు మిథ్యాత్వం పోతుంది. ఐదులో అవిరతి కొంత, ఆరులో పూర్తిగా పోతుంది. ఏడులో ఏమరుపాటు ఉండదు. పదో మెట్టు దాకా లోభం సూక్ష్మంగా మిగులుతుంది. పదకొండులో మోహం (కషాయాలకు మూలమైన కర్మ) అణిగి ఉంటుందే గానీ నశించదు, అందుకే అక్కడికి చేరినవాడు మళ్లీ జారతాడు. ఎంత నిజాయితీ గల పటమో చూడండి! ‘నాలో రాగం లేదు’ అని తొందరపడి అనుకునేవాడికి ఆ పదకొండో మెట్టే జవాబు. కేవలి, అంటే సర్వజ్ఞుడు, అయినవాడికి కూడా పదమూడో మెట్టులో యోగం ఉంటుంది, పద్నాలుగులోనే ఆగుతుంది.

మధ్యేమార్గి:
ఆ అవిరతి దగ్గరే నా అభ్యంతరం. వ్రతం పట్టనందుకు, ఏమీ చేయకపోయినా బంధమా? సూత్రకృతాంగంలోనే హంతకుడి ఉదాహరణ ఉంది: అదను కోసం చూస్తున్న హంతకుడు నిద్రపోతున్నా శత్రువే అంటుంది. సరే, వాడికి సంకల్పం ఉంది. మనసే లేని ఏకేంద్రియ జీవికి, అంటే మొక్కలా స్పర్శ ఒక్కటే ఉన్నదానికి, ఏముంది? హింసను వదులుకోలేదు కాబట్టి దానికీ పాపబంధమే అంటారు. మొక్క వ్రతం ఎలా పడుతుంది? ఇది అన్యాయం.

జిజ్ఞాసువు:
నాకూ ఇదే మింగుడుపడటం లేదు. అనుప్రేక్ష గారు దీనికి జవాబు చెప్పాలి.

అనుప్రేక్ష:
ఎవరో కూర్చుని శిక్ష వేస్తే అన్యాయం అనొచ్చు. ఇక్కడ వేసేవాడే లేడు. మొక్కలోని జీవుడిలోనూ మోహం ఉదయంలోనే, అంటే ఫలిస్తూనే, ఉంటుంది, ఉన్నంతసేపూ అంటుకుంటుంది. కానీ ఎంత అంటుకుంటుందో కర్మగ్రంథాల లెక్క చూడండి. మిథ్యాత్వ మోహనీయానికి, అంటే తప్పుడు దృష్టి కలిగించే కర్మకు, ఏకేంద్రియ జీవి కట్టుకోగల గరిష్ఠ స్థితి (అది నిలిచే కాలం) 1 సాగరోపమం. సాగరోపమం అంటే లెక్కకందనంత పెద్ద కాలమానం. రెండు ఇంద్రియాల జీవికి 25, మూడుంటే 50, నాలుగుంటే 100, ఐదుండి మనసు లేనిదానికి 1,000. మనసున్న పంచేంద్రియ జీవికి 70 కోడాకోడి సాగరోపమాలు, అంటే 70 కోట్ల కోట్లు. వెయ్యి నుంచి ఒక్కసారి అక్కడికి గెంతడానికి కారణం మనసు. మధ్యేమార్గి గారు అడిగిన మనసు ప్రాధాన్యం ఈ లెక్కలోనే ఉంది. అయితే ఆ మనసున్నవాడే వ్రతం పట్టగలడు, పదమూడో మెట్టుకు చేరగలడు. మొక్కకు ఆ దారి లేదు.

తర్కప్రియ:
లెక్క ఒప్పుకుంటాను. అయినా లోపలి శుద్ధే అసలైతే బయటి నియమాలు ఎందుకన్న మొదటి ప్రశ్న అలాగే ఉంది.

అనుప్రేక్ష:
దానికి జైనాచార్యుడు అమృతచంద్రుడు పురుషార్థసిద్ధ్యుపాయంలో చెప్పింది నాకు సరిపోయింది. బయటి వస్తువు వల్ల రవ్వంత హింస కూడా అంటదు అంటాడు, అయినా పరిణామాల, అంటే లోపలి భావాల, శుద్ధి కోసం హింసకు ఆలవాలమైనవాటిని వదలాల్సిందే అంటాడు. నేల చూసి నడిచే అలవాటు లేనివాడికి ఏమరుపాటు ఎప్పుడు వచ్చిందో కూడా తెలియదు కదండీ.