చౌదరి: ఇంటిపేరా, పదవి పేరా?

కృష్ణాతీరం (ప్రశ్న):
మాది గుంటూరు జిల్లా. ఉద్యోగరీత్యా కోల్‌కతా వచ్చి రెండేళ్లయింది. మా విభాగంలో నాతో కలిపి ముగ్గురు చౌదరులున్నాము. ఒకరు బెంగాలీ బ్రాహ్మణులు, మరొకరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న సిల్హెట్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబం వారు. జీతాల పట్టికలో ముగ్గురి పేర్లూ వరుసగా ఉండడం చూసి, ఏ తరంలోనో బంధువులమై ఉంటామని వారు వేళాకోళమాడుతున్నారు. ఇన్ని కులాలకు, మతాలకు ఒకే పేరు ఎలా వచ్చిందో తెలిసినవారు వివరించగలరు.

పాతదస్త్రం:
అది వంశం పేరు కాదు, కొలువు పేరు. ‘చౌ’ అంటే నాలుగు. చౌరస్తాలో ఉన్నదీ అదే. నాలుగింటి భారం మోసేవాడు అనే అర్థంలో ‘చతుర్ధర’ వంటి సంస్కృత రూపం నుంచి ఈ మాట వచ్చిందని సాధారణంగా చెబుతారు. ఆ నాలుగూ దిక్కులనీ, చతురంగ బలాలనీ చెప్పే కథలు మాత్రం తరువాత అల్లినవే అనిపిస్తుంది. 14వ శతాబ్దంలో ఢిల్లీలో ఉన్న మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, నూరేసి గ్రామాల సముదాయానికి హిందువుల్లోంచి ఒక చౌదరి పెద్దగా ఉండేవాడని రాశాడు. మొఘలుల కాలానికి పరగణా (కొన్ని గ్రామాలు కలిసిన రెవెన్యూ విభాగం) శిస్తు వసూలుకు చౌదరి పూచీపడేవాడు, లెక్కలూ దస్తావేజులూ కానూంగో చూసేవాడు. మహారాష్ట్రలో దేశ్‌ముఖ్, దేశ్‌పాండేలది ఇదే జోడీ. కొలువు తండ్రి నుంచి కొడుకుకు దక్కుతూ రావడంతో ఆ మాట పేరుకు అంటుకుపోయింది. శిస్తు రాబట్టగల పలుకుబడి ఏ ఊళ్లో ఎవరికి ఉంటే వారే చౌదరి.

తెరాయి బాటసారి:
నేపాల్ దక్షిణాన ఉన్న మైదాన ప్రాంతమైన తెరాయిలోని థారూ తెగవారిలోనూ చౌధరీలు ఎందరో ఉన్నారు. పేరులో ఈ మాట చోటు కూడా మారుతుంది. 1933లో ‘పాకిస్తాన్’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చిన చౌధరీ రహమత్ అలీకి, 1979లో ప్రధాని అయిన చౌధరీ చరణ్ సింగ్‌కు అది పేరుకు ముందు గౌరవ వాచకం. బెంగాల్‌లో అది చివర చేరి ఇంటిపేరుగా స్థిరపడింది.

పెళ్లిశుభలేఖ:
మన దగ్గర అది అసలు ఇంటిపేరే కాదు. త్రిపురనేని రామస్వామి చౌదరి గారి ఇంటిపేరు త్రిపురనేని, కొసరాజు రాఘవయ్య చౌదరి గారిది కొసరాజు. కమ్మవారి శుభలేఖ ఒకటి తీసి చూడండి: వరుడి తండ్రి పేరు చివరా, వధువు తండ్రి పేరు చివరా చౌదరి ఉండవచ్చు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. ముందున్న ఇంటిపేర్లు రెండూ ఒకటైతే మాత్రం సంబంధం మాటల దగ్గరే ఆగిపోతుంది. రెడ్డి, నాయుడు, రావు కూడా ఇలా పేరు చివర చేరినవే.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు. మా ఇంటిపేరు పదో తరగతి ధ్రువపత్రంలో ఒక్క అక్షరంగా కుదించుకుపోయి, పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడిలోకి చౌదరి వచ్చి కూర్చుందన్నమాట. ఈ సంగతి బెంగాలీ మిత్రుడికి చెబితే ఆయన ఇంట్లో అడిగి వచ్చారు. వారి పూర్వులు భట్టాచార్యులట, చౌధురి అన్నది జమీ చేతికి వచ్చాక చేరిందట.