శంకర్‌పల్లి టమాటానా, సేంద్రియ టమాటానా? సంచిలో ఏది వేయాలి?

కూరల సంచి: హైదరాబాద్ ఎర్రగడ్డ రైతు బజార్‌లో దగ్గర్లోని శంకర్‌పల్లి టమాటా ఉంది. ఏ ముద్రా లేదు. సేంద్రియ దుకాణంలో సేంద్రియమని ధ్రువీకరించే జైవిక్ భారత్ ముద్రతో ప్యాకెట్ టమాటా ఉంది. ధర రెట్టింపు, వచ్చింది మదనపల్లె వైపు నుంచి. పర్యావరణమూ ఆరోగ్యమూ చూసుకునేవాళ్లు ఏది కొనాలి? "రెండూ మంచివే" అని మాత్రం అనకండి.

లెక్కల పుస్తకం: ముందు దూరం సంగతి. మదనపల్లె నుంచి ఇక్కడికి దాదాపు 550 కి.మీ. పది టన్నుల లారీ లీటరుకు నాలుగున్నర కి.మీ. ఇస్తుందనుకుంటే 120 లీటర్ల డీజిల్ కాలుతుంది. లీటరు డీజిల్‌కు సుమారు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. అంటే కిలో టమాటా మీద పడేది 32 గ్రాములు. లారీ ఖాళీగా తిరిగెళ్లినా 65 గ్రాములే.

ఇప్పుడు "లోకల్" కోసం ఎనిమిది కి.మీ. కారులో వెళ్లి రండి. పదహారు కి.మీ.కి లీటరు పైచిలుకు పెట్రోలు, అంటే దాదాపు రెండున్నర కిలోల కార్బన్ డయాక్సైడ్. తెచ్చింది ఐదు కిలోలైతే కిలోకు 490 గ్రాములు. లారీ కన్నా ఏడు రెట్లు! అమెరికా కుటుంబాల తిండి మీద కార్నెగీ మెలన్ పరిశోధకులు 2008లో వేసిన లెక్కలోనూ 83 శాతం ఉద్గారాలు పండించే దశలోనివే. సరుకును దుకాణానికి చేర్చే రవాణా 4 శాతం. విమానంలో వచ్చే పళ్లను వదిలేస్తే, దూరం చూసి కూర ఎంచుకోవడంలో అర్థం లేదు.

చేవెళ్ల దారి: డీజిల్ లెక్క ఒప్పుకుంటగని, లోకల్ అంటే డీజిల్ ఒక్కటేనా అన్నా? పండించినోడు ఎదురుగ ఉంటడు, అడగొచ్చు. ప్యాకెట్‌ను ఏమడుగుతం?

ముద్ర లేదంటే మందు కొట్టినట్టు కాదు. ఏడాదికి 12 లక్షల లోపు అమ్ముకునే చిన్న రైతు నేరుగ అమ్మితే, ధ్రువీకరణ లేకున్నా సేంద్రియమని చెప్పుకోవచ్చని సర్కారు నిబంధనలల్లనే ఉంది. ధ్రువీకరణ కావాలంటే ఏటా వేసే పంటలకు మార్పిడి కాలమే, అంటే రసాయనాలు మానేసి ఆగాల్సిన కాలమే, రెండేండ్లు. ఆ రెండేండ్లు దిగుబడి తగ్గినా, సేంద్రియం ధర రాదు. అందుకే చానామంది ఆ జోలికే పోరు.

కూరల సంచి: అడిగితే ఎవరైనా "మందు కొట్టలేదమ్మా" అనే అంటారు కదండీ.

చేవెళ్ల దారి: గట్ల అడగొద్దు. "వంకాయల పుచ్చుకు ఏం చేస్తున్నరు?" అని అడగండ్రి. నిజంగ చేసేటోడు కొలతలతో చెప్తడు: ఐదు కిలోల ఎండు వేపగింజలు దంచి, రాత్రంత నానబెట్టి, వడగట్టి, వంద లీటర్లకు కలిపి కొడతడు. పురుగు పట్టిన కొమ్మలు తుంచేస్తడు, వాసనతో పురుగుల్ని లాగి పట్టే లింగాకర్షక బుట్టలు కడతడు. "ఏదో ఆర్గానిక్ మందు" అని దాటేస్తే అర్థం చేసుకోండ్రి. ఇంకోటి, ఒకే బల్ల మీద ఆలుగడ్డ, క్యారెట్, బీన్స్, బెండ, పాలకూర అన్నీ ఉన్నయంటే అది రైతు బల్ల కాదు, బోయిన్‌పల్లి మండి సరుకు. మామూలుగ ఒక చేన్ల రెండు మూడు రకాలకన్న ఎక్కువ ఒక్కసారి కోతకు రావు.

మూసీ గట్టు: ఇంతసేపూ ఎవరూ నీళ్ల ఊసెత్తలేదు. నగరానికి అతి దగ్గరగా పండేవి మూసీ గట్ల మీది ఆకుకూరలు. అంతకన్నా లోకల్ ఏముంది? కానీ ఆ నది మోసేది నగరం మురుగునూ, పరిశ్రమల వ్యర్థాన్నీ. సీసం, కాడ్మియం వంటివి వేరు గుండా ఆకులోకి ఎక్కితే ఎంత కడిగినా పోవు. లీటరు నీటికి ఇరవై గ్రాముల ఉప్పు వేసి పావుగంట నానబెట్టడం పైపైన అంటిన పురుగుమందుకే పనిచేస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ లాగా మొక్క లోపలికి పాకే మందుకు అదీ పనిచేయదు. కాబట్టి ఆకుకూరల దగ్గర మొదటి ప్రశ్న "మీ మడికి నీళ్లెక్కడివి?" అని. బోరు నీళ్లని గట్టిగా చెప్పలేకపోతే కట్ట అక్కడే పెట్టేయండి.

లెక్కల పుస్తకం: నీళ్ల మాట వచ్చింది కాబట్టి బియ్యం కూడా. మన జిల్లాల బియ్యమే కదా అని మురిసిపోతాం. బోర్లు తోడి, మడిలో నీళ్లు నిలబెట్టి పండిస్తే భూగర్భజలమూ పోతుంది, మడి నుంచి భూమిని వేడెక్కించే మిథేన్ వాయువూ వస్తుంది. దగ్గరి పంటే, కానీ నిలకడైన సాగు కాదు. వర్షాధారంగా పండే జహీరాబాద్ జొన్న, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది ఈ రెండు పరీక్షలూ నెగ్గుతాయి. అవీ నూటపాతిక కి.మీ. లోపే. తగవల్లా కూరగాయల దగ్గరే.

కూరల సంచి: అయితే టమాటా?

మూసీ గట్టు: నెలను బట్టి. చలికాలంలో చుట్టుపక్కల బాగా పండుతుంది, రైతును అడిగి కొనండి. మే నెలలో పగలు 35 డిగ్రీలు దాటి రాత్రి కూడా చల్లబడకపోతే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. సముద్రమట్టానికి 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లెలో ఆ వేడి కాస్త తక్కువ. అప్పుడు అక్కడి టమాటాయే నయం, ముద్ర ఉంటే ఇంకా నయం. వంకాయ, కాలీఫ్లవర్ మాత్రం ఏ నెలైనా మందు సంగతి తేలకుండా కొనకండి. బీర, సొరల దగ్గర అంత పట్టుదల అక్కర్లేదు.

చేవెళ్ల దారి: మే నెలల టమాటా తినాలని ఎవరన్నరు? చింతచిగురు ఉండె, మామిడికాయ ఉండె. చింతచెట్టుకు మందు కొట్టేటోడు ఎవడు?

లెక్కల పుస్తకం: చింతచిగురు కిలో ఎంతో చూశారా?

చేవెళ్ల దారి: కిలో ఎందుకన్నా, పప్పులకు వంద గ్రాములు చాలు.