సమస్యాపూరణం: "గాయపఱచి కత్తి కరుణఁ జూపె"

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (మూడు మాత్రలవి), యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం పొసగడం) గా–క. చేతిపని నేర్పిన తండ్రికి కృతజ్ఞతగా ముందు మూడు పాదాలు పూరించండి. కత్తి ఏ పనిదో పద్యంలో తెలియాలి.

ఉలవపాడు సభ్యుడు:

మావి మొక్క చీల్చి మఱియొక కొనఁ గూర్చి
కట్ట నాన్న నేర్పె గట్టి గాను
తోలు తోలు గలియఁ దొలకరిఁ జిగురింప
గాయపఱచి కత్తి కరుణఁ జూపె

నిర్వాహకుడు: మామిడి అంటు ఈ సమస్యకు చక్కగా అమరింది. "గట్టి గాను" మాత్రం గణం నింపడానికి వచ్చిన మాట. "తోలు తోలు" కూడా చాలదు. అంటుకొమ్మ బెరడు కింద పసరుతో తడిగా ఉండే పలచని పొర కనీసం ఒక పక్కనైనా టెంకమొక్క (అంటు కట్టే అడుగుమొక్క) పొరకు తగలాలి. అంటుకొమ్మ సన్నదైతే నడిమధ్యన పెట్టకండి, ఒక అంచుకు జరపండి. ఇక తొలకరి: మన దక్షిణ కోస్తాలో పెద్దవానలు అక్టోబరు నుంచే.

ఉలవపాడు సభ్యుడు: ఒప్పుకుంటాను. రెండు, మూడు పాదాలు ఇలా మార్చాను:

కట్టు కట్ట నాన్న గఱపె మున్ను
పసరు పసరు గలియఁ బక్షమ్మునఁ జిగిర్ప

వారం పది రోజుల ముందే అంటుకొమ్మ ఆకులు తుంచి, తొడిమెలు ఉంచాలి, కొనమొగ్గ ఉబ్బుతుంది. కొమ్మ అడుగును రెండువైపులా ఏటవాలుగా 4–5 సెం.మీ. చెక్కి, అంతే లోతు చీల్చిన మొక్కలో దించి, పాలిథిన్ పట్టీతో కింది నుంచి పైకి చుట్టాలి. కోతలోకి నీరు దిగితే కుళ్లుతుంది. మొద్దు కత్తి పొరను నలిపేస్తుంది, అంటు పట్టదు. అతుకు కింద వచ్చే చిగుళ్లు గిల్లకపోతే టెంకమొక్కే పెరిగిపోతుంది.

నిర్వాహకుడు: "పసరు పసరు" ఈ పద్యానికి ప్రాణం పోసింది.

ఒంగోలు సభ్యురాలు:

ఉదయగిరినిఁ గొయ్య యొక గరిటెగ మార
నార వెంట నడుప నాన్న నేర్పె
నెదురు గోయఁ జీలు నెఱిఁగిన చేతిలో
గాయపఱచి కత్తి కరుణఁ జూపె

నిర్వాహకుడు: నాకు ఇదే ఎక్కువ నచ్చిందమ్మా. కరుణ కత్తిది కాదు, నేర్చిన చేతిదని మూడో పాదం చెప్పకనే చెప్పింది. పచ్చికొయ్య మీద గుంట తీసి, గోడ కాస్త మందంగా ఉంచి, నీడన ఆరాకే పలచన చేయాలి. ఎండలో పెడితే చివర్లు ముందుగా ఆరి పగులుతాయి.

కొత్తపట్నం సభ్యుడు:

తాటి గెలను నాన్న దఱుగఁగా సన్నగ
కుండలోన నీర నిండె నిండ
సున్న మద్దినపుడె చొరదు పులుపు లోన
గాయపఱచి కత్తి కరుణఁ జూపె

నిర్వాహకుడు: రెండో పాదంలో యతి తప్పింది, కు–ని కుదరదు. "కుండలోన నీర గూడె నిండ" అనండి. "సన్నగ" సరైన మాట: గెల కొనను పూటపూటా పలచగా కోస్తేనే నీర కారుతుంది, మందంగా కోస్తే గెల త్వరగా అయిపోతుంది. కుండ లోపలి సున్నం పులియడాన్ని ఆపుతుంది. పలచని పూత చాలు, ఎక్కువైతే రుచి చెడుతుంది.