ఊరికో మాస్టర్ ప్లాన్ ఉన్నచోట ఉమ్మడి ప్రణాళిక ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: ఒకదానికొకటి అతుక్కుపోయిన ఇరవై పట్టణాలు. జనానికి అంతా ఒకటే నగరం, కాగితాల మీద మాత్రం ఇరవై పాలకవర్గాలు, ఇరవై మాస్టర్ ప్లాన్లు. ఒక ఊళ్లో 30 మీటర్లుగా గీసిన రోడ్డు పొలిమేర దాటగానే 18 మీటర్లకు కుంచించుకుపోతుంది. అన్నిటినీ ఒక్క కార్పొరేషన్‌గా కలిపేయకుండా దీన్ని దారిలో పెట్టొచ్చా?

జవాబు 1: పెట్టొచ్చండీ. కొత్త సంస్థ కావాలా వద్దా అన్న వాదన పక్కనపెట్టి, ముందు పటాలు కలపండి. అన్ని ప్లాన్లనూ ఒకే స్కేలుకు తెచ్చి, ప్రతి పొలిమేరకూ అటూ ఇటూ అర కిలోమీటరు మేర ఏవి కలవడం లేదో రాసుకోండి. పటాల్లో రంగు ఒకటే ఉందని మోసపోవద్దు. 'నివాస ప్రాంతం' అంటే ఒకచోట రెండంతస్తులు, పక్క ఊళ్లో పది.

రోడ్ల తేడా కంటికి కనబడుతుంది, భూమిలో ఉన్న గొట్టాలది కనబడదు. పైఊరి 900 మి.మీ. వాననీటి గొట్టం కిందిఊళ్లో 600 మి.మీ. గొట్టంలో కలిసిందనుకోండి. వాలు ఒకటే అయినా చిన్నది మోసేది పెద్దదాంట్లో మూడో వంతే. వ్యాసం మూడింట రెండొంతులుంది కదా, నీళ్లూ ఆ మేరకు పోతాయిలే అనుకుంటారు. వాన గట్టిగా పడినప్పుడు ఆ కలిసేచోటే మ్యాన్‌హోల్ పొంగుతుంది.

జనాభా లెక్క కూడా చూసుకోండి. పెద్ద అంకె చూపితే పెద్ద ట్యాంకు, ఎక్కువ నిధులు వస్తాయని ప్రతి ఊరూ అంచనా పెంచుతుంది. అందుకే మొత్తం ప్రాంతానికి ఒక అంకె ఖాయం చేసి, దాన్నే ఊళ్లకు పంచాలి.

జవాబు 2: పటాలు కలిసినా పన్ను విడిగా ఉంటే పోటీ ఆగదు. ఫ్యాక్టరీ ఏ ఊళ్లో పడితే పన్ను ఆ ఊరిదే, లారీల రద్దీ మాత్రం పక్కఊరికి. అమెరికాలో మిన్నియాపొలిస్–సెయింట్ పాల్ ప్రాంతానికి 1971లో చేసిన చట్టం సరిగ్గా దీన్నే పట్టుకుంది. వాణిజ్య, పారిశ్రామిక ఆస్తుల పన్ను పునాది (పన్ను లెక్కకు తీసుకునే విలువ) 1971 తర్వాత ఎంత పెరిగితే అందులో 40 శాతం ఉమ్మడి ఖాతాకు పోతుంది. అప్పట్లో 100 ఉన్నది 300 అయితే పెరిగింది 200, అందులో 80 ఉమ్మడికి, 220 ఊరికి. జనాభాను బట్టి పంచుతారు, తలసరి ఆస్తి విలువ తక్కువున్న ఊరికి ఎక్కువ దక్కుతుంది. పాత ఆదాయం జోలికి పోకుండా పెరుగుదలనే పంచుతున్నారు చూడండి, ఆ పథకానికి ప్రాణం అదే.

అక్కడే ప్రధాన మురుగు లైన్లు, శుద్ధి కేంద్రాలు 1967లో ఏర్పడ్డ మెట్రోపాలిటన్ కౌన్సిల్ అనే ప్రాంతీయ సంస్థ చేతిలో ఉన్నాయి. ఊరి ప్లాన్ ఈ ఉమ్మడి వ్యవస్థలకు అడ్డం వస్తే మార్చమనే అధికారం దానికుంది. అయితే దాని పరిధి ఏడు కౌంటీలే (మన జిల్లాల్లాంటివి). ఇళ్లు ఆ గీత దాటి బయటి కౌంటీల్లోకి పాకాయి. మీ గీత ఇప్పటి ఊళ్ల చివర కాకుండా, ఇంకా బయటికి గీయండి.

ప్రశ్న అడిగినవారు: ఉమ్మడి బోర్డులో పెద్ద నగరం చిన్నవాటిని తొక్కేయదా?

జవాబు 3: ఊరికో ఓటంటే పెద్ద నగరం ఒప్పుకోదు, తలకో ఓటంటే చిన్న ఊళ్లు రావు. కెనడాలో వాంకూవర్, చుట్టుపక్కల ఊళ్ల ఉమ్మడి సంస్థ మెట్రో వాంకూవర్‌లో 20,000 జనాభాకు ఒక ఓటు, ఏ ఒక్క సభ్యుడికీ 5 మించకూడదు. అంతకంటే ఎక్కువ ఓట్లున్న నగరం ఎక్కువమంది సభ్యులను పంపుతుంది. ఈ లెక్క మొదటి సమావేశానికి ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి, రోడ్డు ఎటు పోవాలన్న గొడవ మొదలయ్యాక ఎవరూ ఒప్పుకోరు.